'టు బీ' వంశవృక్షం: జర్మానిక్ భాషల్లో ఒక క్రియ ఎక్కడ్నుంచి వచ్చిందో మీరే తవ్వి తీయడం ఎలా

యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, బీ, బీన్. ఈ ఏడూ ఒకే క్రియ రూపాలని మనకి బళ్ళో చెప్పారు, మనం బట్టీ పట్టేశాం. ఒక్కసారి పైకి చదివి చూడండి, యామ్‌కీ వర్‌కీ మధ్య ఒక్క శబ్దమన్నా కలుస్తుందా? జర్మనీ వెళ్దామని ఏ-వన్ కోర్సులో చేరినవాళ్ళకైతే ఇది ఇంకా తొందరగా తగుల్తుంది, మొదట్లోనే బిన్, బిస్ట్, ఇస్ట్, జిన్ట్, జైట్ అని ఒక పట్టిక పెట్టేస్తారు, పాస్ట్‌లోకి వెళ్తే వార్, ఆ తర్వాత గెవేజెన్, ఎందుకిలా అని అడిగితే "ఇర్రెగ్యులర్ వెర్బ్ అండీ, అంతే" అని సమాధానం. నాకు ఆ సమాధానం అస్సలు నచ్చదు. వీటిల్లో లెక్కలేకుండా పుట్టిన రూపం దాదాపు ఒక్కటీ లేదు. మూడు వేరే వేరే క్రియలు కొన్ని వేల ఏళ్ళలో ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఒకే క్రియగా మిగిలాయి, ఆ మూడూ సంస్కృతంలో ఇంకా విడివిడిగానే ఉన్నాయి, వాటినుంచి వచ్చిన మాటలు మనం తెలుగులో రోజూ వాడుతున్నాం. అంటే తెలుగువాళ్ళకి ఈ పనిలో సగం తాళంచెవులు ముందే చేతిలో ఉన్నట్టు.

కాబట్టి ఇక్కడ జవాబు ఒక్కటే చెప్పేసి ఊరుకోను, పద్ధతి చెప్తాను, ఈ పద్ధతితో రేపు వేరే ఏ క్రియనైనా మీరే పట్టుకోవచ్చు. ఒక నోట్‌బుక్, పెన్ను, ఇంటర్నెట్‌లో విక్షనరీ (మాటల పుట్టుక కూడా చూపించే ఉచిత నిఘంటువు) తెరుచుకునే ఫోను చాలు. జర్మానిక్ అంటే ఇంగ్లీష్, జర్మన్, డచ్, స్వీడిష్ లాంటి భాషలున్న కుటుంబం. జర్మన్, డచ్ మాటలన్నీ తెలుగు లిపిలో రాస్తున్నాను, పలికే తీరుకి దగ్గరగా ఉంటాయి, పక్కాగా కాదు. జర్మన్‌లో మాట మొదట్లో అచ్చుకి ముందు ఎస్ అక్షరం ఉంటే 'జ' లాగా పలుకుతారు, అందుకే సైన్ అని రాయాల్సింది జైన్ అని రాస్తున్నా, లోపల మాత్రం అది 'స' అనే గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

స్టెప్ 1: ఒక్క భాషతో మొదలుపెట్టకండి, చుట్టాలందర్నీ పోగెయ్యండి

ఎక్కువమంది ఇంగ్లీష్ ఒక్కటే ముందు పెట్టుకుని తల బద్దలుకొట్టుకుంటారు. ఒక్క భాషలో చూస్తే ఏది పాతదో ఏది మధ్యలో వచ్చిందో తెలిసే దారే లేదు. కనీసం నాలుగైదు భాషల పట్టికలు పక్కపక్కన రాసుకోండి.

ఇంగ్లీష్: యామ్, ఈజ్, ఆర్ / వాజ్, వర్ / బీ, బీన్.
జర్మన్: బిన్, బిస్ట్, ఇస్ట్, జిన్ట్, జైట్ / వార్, వారెన్ / జైన్, గెవేజెన్.
డచ్: బెన్, బెన్ట్, ఇస్, జైన్ / వస్, వారెన్ / జైన్ లేదా వేజెన్, బీన్‌కి సమానమైనది ఖెవేస్ట్.
స్వీడిష్: అందరికీ ఏర్ / వార్ / వారా, వారిట్.
ఐస్‌లాండిక్: ఎర్, ఎర్ట్, ఎర్, ఎరుమ్, ఎరుద్, ఎరు / వార్, వోరుమ్ / వేరా, వేరిద్.
ఆఫ్రికాన్స్: అందరికీ ఇస్ / వస్ / వేస్.

ఇందులో ఆఫ్రికాన్స్ చూశారా, దక్షిణాఫ్రికాలో డచ్ నుంచి పుట్టిన భాష, నేనైనా నువ్వైనా మేమైనా ఇస్ ఒక్కటే. స్వీడిష్ కూడా ఇప్పుడు అంతే, కానీ 20వ శతాబ్దం మధ్య దాకా రాతలో బహువచనానికి వేరే రూపం, ఏరో అని, ఉండేది. ఇలా బాగా అరిగిపోయిన భాషలు మూలం వెతకడానికి పెద్దగా సాయం చెయ్యవు గానీ ఏ రూపం చివరిదాకా నిలబడిందో చూపిస్తాయి.

స్టెప్ 2: మొదటి శబ్దాన్ని బట్టి గుట్టలు పెట్టండి

అర్థం, కాలం, వచనం అన్నీ కాసేపు మర్చిపోండి. మాట ఏ శబ్దంతో మొదలవుతోందో అదొక్కటే చూసి విడగొట్టండి.

అచ్చుతో గానీ 'స'తో గానీ మొదలయ్యేవి ఒక గుట్ట: యామ్, ఈజ్, ఇస్ట్, జిన్ట్, జైట్, జైన్. 'బ' గుట్ట: బీ, బీన్, బిన్, బిస్ట్, బెన్. 'వ' గుట్ట: వాజ్, వర్, వార్, వారెన్, వారా, వేజెన్, గెవేజెన్ (ముందున్న 'గె' జర్మన్‌లో పార్టిసిపుల్‌కి, అంటే బీన్ లాంటి రూపానికి, తగిలించే ముక్క, దాన్ని తీసేసి చూడాలి). మిగిలినవి ఆర్, ఏర్, ఎర్, ఎరుమ్ లాంటి రకారం రూపాలు, వాటిని పక్కన పెట్టి పైన ప్రశ్నార్థకం వెయ్యండి, వాటి సంగతి చివర్లో.

అచ్చుతో మొదలయ్యేవీ 'స'తో మొదలయ్యేవీ ఒకే గుట్టలో ఎందుకు వేశానని అడగాలి మీరు, అడగాల్సిన ప్రశ్నే. ప్రస్తుతానికి నా మాట నమ్మి వెయ్యండి, స్టెప్ 4లో సంస్కృతమే సాక్ష్యం చెప్తుంది.

స్టెప్ 3: పాత పుస్తకాల్లోకి దిగండి

ఇప్పటి రూపాలు అరిగిపోయినవి, కాబట్టి ఎంత పాత రాత దొరికితే అంత మంచిది. జర్మానిక్ భాషల్లో పుస్తకమంత పొడుగున్న రాతల్లో అన్నిటికన్నా పాతది గోతిక్. 4వ శతాబ్దంలో వుల్ఫిలా అనే బిషప్ బైబిల్‌ని గోతిక్‌లోకి అనువదించాడు, ఆ అనువాదానికి 6వ శతాబ్దం మొదట్లో ఇటలీలో రాసిన ఒక ప్రతి, ఊదారంగు తోలు మీద వెండి బంగారు సిరాలతో రాసింది, ఇప్పుడు స్వీడన్‌లో ఉప్సాలా యూనివర్సిటీ లైబ్రరీలో ఉంది. అందులో ఈ క్రియ ఇలా ఉంటుంది: ఇమ్, ఇస్, ఇస్ట్, సియుమ్, సియుథ్, సిన్డ్. భూతకాలం వస్, బహువచనం వేసుమ్, వేసున్. టు బీ అనడానికి విసన్.

గమనించారా, గోతిక్‌లో 'బ' గుట్ట లేనే లేదు. ఇది పెద్ద క్లూ. 'బ' రూపాలు ఈ క్రియలోకి పడమటి కొమ్మలోనే, అంటే ఇంగ్లీష్, జర్మన్, డచ్, ఫ్రిసియన్ ముత్తాతల దగ్గరే చొరబడ్డాయని అర్థమవుతోంది. పాత నార్స్‌లో (ఉత్తరాది వైకింగుల భాష) కూడా ఈ క్రియలో 'బ' లేదు, ఇప్పటికీ స్వీడిష్, డేనిష్, ఐస్‌లాండిక్‌లో లేదు.

పాత ఇంగ్లీష్‌కి వస్తే అసలు మజా అక్కడే. అక్కడ వర్తమానానికి రెండు పూర్తి పట్టికలు పక్కపక్కన నడిచేవి. ఒకటి ఎఒమ్, ఎఆర్ట్, ఇస్, సిన్డోన్. ఇంకోటి బేఒ, బిస్ట్, బిథ్, బేఒథ్. భూతకాలం మాత్రం రెండిటికీ ఒకటే, వాస్, వారోన్. అంటే రెండు క్రియలు ఇంకా పూర్తిగా కలవని దశ ఫొటో తీసినట్టు దొరికిందన్నమాట. పాత హై జర్మన్‌లో బిమ్, బిస్ట్, ఇస్ట్, బిరుమ్, బిరుట్, సిన్ట్. మేము, మీరు అన్నచోట కూడా 'బ' ఉంది చూడండి, తర్వాత ఆ బిరుమ్, బిరుట్ రెండూ పోయాయి, 'వాళ్ళు' అన్న చోటున్న సిన్ట్ వచ్చి 'మేము' దగ్గర కూడా కూర్చుంది. అందుకే ఇవాళ జర్మన్‌లో వీర్ జిన్ట్, జీ జిన్ట్ రెండూ ఒకటే.

నోట్‌బుక్‌లో ప్రతి రూపం పక్కన ఏ భాష, ఏ శతాబ్దం అని రాసుకోండి. బద్ధకించొద్దు, ఆ ఒక్క అలవాటు లేకే చాలామంది వెయ్యేళ్ళ తేడా ఉన్న రెండు మాటల్ని పోల్చి పిచ్చి సిద్ధాంతాలు కడుతుంటారు.

స్టెప్ 4: సంస్కృతం పక్కన పెట్టి చూడండి

సంస్కృతం, లాటిన్, జర్మానిక్ భాషలు ఒకే పాత మూలభాష నుంచి చీలిన చుట్టాలు, ఒకదాన్నుంచి ఒకటి పుట్టినవి కావు. ఇప్పుడు మొదటి గుట్ట తీసుకుని సంస్కృతంలో 'అస్' ధాతువు పక్కన పెట్టండి. అస్మి, అసి, అస్తి, స్మః, స్థ, సన్తి. గోతిక్: ఇమ్, ఇస్, ఇస్ట్, ... సిన్డ్. లాటిన్ కూడా పెట్టుకుంటే ఎస్ట్, సున్ట్. అస్మి – ఇమ్ – యామ్. అస్తి – ఇస్ట్ – ఈజ్. సన్తి – సిన్డ్ – జిన్ట్. ఏకవచనంలో ముందు అచ్చు ఉంది, బహువచనంలో ఆ అచ్చు ఎగిరిపోయి 'స'తో మొదలవుతోంది, సంస్కృతంలో అస్తి, సన్తి ఎలాగో ఇక్కడ ఇస్ట్, సిన్డ్ అలాగే. స్టెప్ 2లో రెండిట్నీ ఒకే గుట్టలో వెయ్యమన్నది ఇందుకే.

ఈ ధాతువు పిల్లలు తెలుగులో ఎన్నో. అస్తిత్వం, ఆస్తికుడు, నాస్తికుడు, స్వస్తి, సత్యం. సత్యం ఎలా అంటారా, 'సత్' అంటే ఉన్నది, ఉన్నదే నిజం. గోతిక్‌లో కూడా నిజం అన్న మాటకి సున్యా అంటారు, అదే ధాతువు, పాత ఇంగ్లీష్‌లో సోథ్, స్వీడిష్‌లో సన్, డేనిష్‌లో సాన్. యోహాను సువార్త 15వ అధ్యాయం మొదటి వచనం, "నేను నిజమైన ద్రాక్షావల్లిని" అన్నది, గోతిక్‌లో "ఇక్ ఇమ్ వీనాత్రియు థతా సున్యీనో" అని మొదలవుతుంది, అందులో ఇమ్ ఏ ధాతువో, సున్యీనో కూడా అదే ధాతువు, నాకు ఈ వాక్యం చదివినప్పుడల్లా ఒళ్ళు జలదరిస్తుంది.

రెండో గుట్ట 'బ'. సంస్కృతంలో 'భూ' ధాతువు, భవతి. అవడం, పుట్టడం, పెరగడం అన్న అర్థం. తెలుగులో భవనం, భూమి, భూతం, భవిష్యత్తు, ప్రభవం, అనుభవం. జర్మన్‌లో బావెన్ అంటే కట్టడం, బావర్ అంటే రైతు. ఇంగ్లీష్ నెయ్‌బర్‌లో చివరి 'బర్', హస్‌బండ్‌లో 'బండ్' ఈ ధాతువువే, ఒకటి పక్కన కాపురముండేవాడు, ఇంకోటి ఇంటి యజమాని. ఇంగ్లండ్‌లో డెర్బీ, విట్బీ, గ్రిమ్స్‌బీ అని ఊళ్ళున్నాయి కదా, ఆ 'బీ' వైకింగులు తెచ్చిన మాట, ఊరు అని అర్థం, అది కూడా ఇక్కడిదే.

మూడోది 'వ'. సంస్కృతం 'వస్', వసతి, అంటే ఉండడం, రాత్రి బస చెయ్యడం. తెలుగులో నివాసం, వసతి, ప్రవాసం, వాస్తు. జర్మన్‌లో వేజెన్ అంటే ఉనికి, స్వభావం, ప్రాణి. క్లాసులో హాజరు వేసేటప్పుడు వినపడే ఆన్‌వేజెంట్ అంటే హాజరు, అప్‌వేజెంట్ అంటే గైర్హాజరు. ఈ రెండు మాటలు తెలిస్తే గెవేజెన్ వింతగా అనిపించడం మానేస్తుంది.

స్టెప్ 5: పోలిక ఉందని సంబరపడకండి, శబ్ద నియమంతో చెక్ చెయ్యండి

ఈ స్టెప్ దాటేసినవాళ్ళ వల్లే భాషాచరిత్ర అంటే ఏ మాటనైనా ఏ మాటకైనా ముడిపెట్టడం అని పేరొచ్చింది. రెండు మాటలు ఒకలా వినపడడం సాక్ష్యం కాదు, ఒక పద్ధతి ప్రకారం మారడమే సాక్ష్యం.

జర్మానిక్‌కి మొదటి నియమం గ్రిమ్ నియమం. డేన్మార్క్ పండితుడు రాస్క్ 1818లో ఈ మార్పుల్ని గమనించి రాశాడు, యాకోబ్ గ్రిమ్ 1822లో వాటిని ఒక వరసలో పెట్టాడు. మనకి కావాల్సినంత వరకు: సంస్కృతం 'ప' ఉన్నచోట జర్మానిక్‌లో 'ఫ' (పితృ – ఫాదర్), 'త' ఉన్నచోట 'థ' (త్రయః – త్రీ), 'భ' ఉన్నచోట 'బ' (భ్రాతృ – బ్రదర్). అలాగైతే భూ – బీ సరిగ్గా సరిపోయింది. స, వ మామూలుగా మారవు, కాబట్టి వస్ – వస్ కూడా పాస్.

కానీ అస్తి – ఇస్ట్ చూడండి. 'త' ఉంది, నియమం ప్రకారం 'థ' అవ్వాలి, ఇస్థ్ అనో ఏదో రావాలి. రాలేదు. అంటే ఈ జత తప్పా? తప్పు కాదు, ఎందుకంటే 'స' పక్కనే ఉన్న 'త' ఎక్కడా మారదు, స్టార్‌లో మారలేదు (వేదంలో నక్షత్రాలకి స్తృభిః అనే మాట ఉంది), స్టాండ్‌లోనూ మారలేదు (సంస్కృతం స్థా). ఒక్కచోట మాత్రమే వర్తించే మినహాయింపు అయితే అనుమానించాలి, అన్నిచోట్లా ఒకేలా వర్తిస్తే అది కూడా నియమమే.

స్టెప్ 6: వాజ్ ఎందుకు వర్ అయింది – ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి

ఏకవచనం వాజ్, బహువచనం వర్. రెండూ 'వ' గుట్టలోవే, కానీ చివర ఒకచోట 'స/జ', ఇంకోచోట 'ర'. డచ్‌లోనూ అంతే, వస్, వారెన్. దీన్ని విప్పినవాడు కార్ల్ వెర్నర్ అనే డేనిష్ పండితుడు, ఆయన వ్యాసం 1877లో అచ్చయింది, ఆయనకి తాళంచెవి దొరికింది వేద సంస్కృతంలోని స్వరంలో. అంటే ఉదాత్తం (పైకెత్తి పలికే ఊనిక) ఏ అక్షరం మీద పడుతోంది అన్నదాంట్లో. మన ఊళ్ళల్లో ఘనపాఠీలు ఇవాళ్టికీ స్వరంతో చెప్తున్నారు చూడండి వేదం, ఆ స్వరం.

జాగ్రత్తగా చూడండి. ఇంగ్లీష్ వాజ్ అనేది సంస్కృతంలో 'ఉవాస' అన్న లిట్ రూపానికి, అంటే ఒక రకం భూతకాల రూపానికి, తోబుట్టువు. భగవద్గీతలో శ్రీభగవానువాచ అంటారే, ఆ 'ఉవాచ' ఎలా ఏర్పడిందో 'ఉవాస' అలాగే. పురాణాల్లో ఒకడు చెప్తే ఉవాచ, చాలామంది ఋషులు అడిగితే "ఋషయ ఊచుః" అంటారు కదా, అలాగే వస్ ధాతువుకి ఏకవచనం ఉవాస, బహువచనం ఊషుః. ఏకవచనంలో ఉదాత్తం ధాతువు మీద, 'వా' మీద పడుతుంది, బహువచనంలో చివరి ప్రత్యయం మీద పడుతుంది. వెర్నర్ కనిపెట్టిందేంటంటే, జర్మానిక్‌లో మాట మధ్యలోనో చివర్లోనో ఉన్న 'స'కి సరిగ్గా ముందున్న అచ్చు మీద ఊనిక ఉంటే అది 'స'గానే మిగులుతుంది, ఊనిక ఇంకెక్కడైనా ఉంటే మెత్తబడి 'జ' అవుతుంది, గోతిక్ తప్ప మిగతా భాషల్లో ఆ 'జ' తర్వాత 'ర' అయింది. ఏకవచనం వస్, ఊనిక ముందే ఉంది, 'స' నిలబడింది. బహువచనంలో ఊనిక చివర ఉంది, వేసున్ కాస్తా వేజున్ అయి, వారోన్ అయి, వర్ అయింది. ఆ తర్వాత జర్మానిక్ భాషలన్నీ ఊనికని మొదటి అక్షరానికి మార్చేసుకున్నాయి, కారణం మాయమైపోయింది, ఫలితం మాత్రం మిగిలింది.

ఇదొక్క జతలోనే జరిగిందా అంటే కాదు. డచ్‌లో పోగొట్టుకోవడం ఫెర్లీజెన్, పోగొట్టుకున్నాడు ఫెర్లోర్. ఇంగ్లీష్‌లో లూజ్, కానీ పాత పార్టిసిపుల్ ఫర్లోర్న్. అదే స–ర ఆట.

తర్వాత ఒక్కో భాష ఒక్కో దారి పట్టింది. ఇంగ్లీష్, డచ్ రెండిట్నీ ఉంచుకున్నాయి. జర్మన్‌లో పాతకాలంలో ఇఖ్ వస్, వీర్ వారెన్ అనేవాళ్ళు, మధ్యయుగాల తర్వాత మెల్లగా బహువచనంలోని 'ర' ఏకవచనంలోకి కూడా పాకి ఇఖ్ వార్ అయింది, 'స' మాత్రం గెవేజెన్‌లో, వేజెన్‌లో దాక్కుంది. పాత నార్స్ కవిత్వంలో వస్, ఎస్ అని దొరుకుతాయి, తర్వాత అవే వార్, ఎర్. గోతిక్ రాతల్లో దీనికి వ్యతిరేకం, వేసున్ అని బహువచనంలో కూడా 'స'నే. ఈ నాలుగు దారులూ నోట్‌బుక్‌లో ఒక బొమ్మలా గీసుకోండి, ఏ భాషలో ఏ రూపం గెలిచిందో ఒక్క చూపులో తెలుస్తుంది.

స్టెప్ 7: అర్థం ఎలా జరిగిందో అడగండి

శబ్దం సరిపోయింది సరే, బస చెయ్యడం అన్న క్రియ 'వాజ్' ఎలా అయింది, పెరగడం అన్న క్రియ 'బీ' ఎలా అయింది? ఈ ప్రశ్నకి తెలుగువాళ్ళం చాలా తేలిగ్గా జవాబు చెప్పగలం. "ఎక్కడ ఉంటున్నావ్?" అంటే కాపురం, "కాఫీ వేడిగా ఉంది" అంటే స్థితి. ఒకే ఉండు. వస్ నడిచిన దారి అదే.

భూ కథ ఇంకా బావుంటుంది. పాత ఇంగ్లీష్‌లో ఇస్, బిథ్ రెండూ ఉండేవని చెప్పా కదా, రెండిటికీ పని వేరు. ఇస్ ఇప్పుడున్న విషయానికి, బిథ్ ఎప్పుడూ ఉండే సత్యానికి, అలవాటుకి, రాబోయేదానికి. ఒక పాత ఇంగ్లీష్ సూక్తుల పద్యంలో "వింటర్ బిథ్ చెఆల్డోస్ట్" అని ఉంది. ఇంగ్లీష్ వ్యాకరణ పుస్తకాల్లో ఈ తేడా వివరించడానికి పేజీలు పడతాయి, మనకి ఒక్క ముక్క చాలు: చలికాలం అన్నిటికన్నా చల్లగా 'ఉంటుంది', 'ఉంది' కాదు. ఉంది – ఇస్, ఉంటుంది – బిథ్. రేపటికి కూడా మనం ఉంటుందనే అంటాం, పాత ఇంగ్లీష్‌లోనూ బిథ్ భవిష్యత్తుకి వాడేవాళ్ళు, సంస్కృతంలో భవిష్యత్ కూడా భూ ధాతువే, లాటిన్‌లో ఫ్యూచర్‌కి మూలమైన ఫుటూరుస్ కూడా భూ చుట్టమే. అవ్వబోయేది అన్న భావం మూడుచోట్లా ఆ ధాతువుని అంటిపెట్టుకుని ఉంది.

అమెరికాలో ఉన్నవాళ్ళు ఆఫ్రికన్ అమెరికన్ ఇంగ్లీష్‌లో "షి బీ వర్కింగ్" అని వినే ఉంటారు, దానర్థం ఇప్పుడు పనిచేస్తోందని కాదు, పనిచేస్తూ ఉంటుందని. అర్థం బిథ్‌కి దగ్గరగా ఉంది కదాని వెంటనే గీత గీసెయ్యకండి, దాని చరిత్ర వేరే పెద్ద చర్చ, మధ్యలో చాలా శతాబ్దాల ఖాళీ ఉంది. స్టెప్ 3లో శతాబ్దం రాసుకోమన్నది ఇలాంటి చోటే కాపాడుతుంది.

స్టెప్ 8: అతుకులు, మిగిలిపోయినవి

బిన్ ఏ గుట్టలోది? 'బ' అని వేశాం కానీ చివర చూడండి, పాత రూపం బిమ్. ముందు 'బ' భూ ధాతువుది, వెనక 'ఇమ్' గోతిక్ ఇమ్, అంటే అస్మి. రెండు క్రియలు ఒకే మాటలో అతుక్కున్నాయి. బిస్ట్ కూడా అలాంటిదే, 'బ' ఒకరిది, 'ఇస్' ఇంకొకరిది, చివరి 'ట్' అయితే పక్కనే వచ్చే 'నువ్వు' అన్న సర్వనామం ముక్క అంటుకుని మిగిలింది, బిస్ థు అని కలిపి అనీ అనీ.

జైన్ అనే మూలరూపం కూడా పాతది కాదు. అస్ ధాతువుకి జర్మానిక్‌లో అసలు అలాంటి రూపం లేదు, గోతిక్ వాళ్ళు విసన్ అనే అనేవాళ్ళు. 'స'తో మొదలయ్యే రూపాల్ని చూసి జర్మన్, డచ్ వాళ్ళు కొత్తగా కట్టుకున్నారు. డచ్‌లో వేజెన్ కూడా ఇంకా బతికే ఉంది, వేస్ అంటే 'ఉండు' అని ఆజ్ఞ.

ఇక ప్రశ్నార్థకం వేసి పక్కన పెట్టిన ఆర్. ఇక్కడ పండితులకే ఏకాభిప్రాయం లేదు. ఇది కూడా అస్ ధాతువే, 'స' వెర్నర్ దారిలో 'జ' అయి 'ర' అయిందని కొందరు, లేదు ఇది నాలుగో ధాతువు, లేవడం కదలడం అన్న అర్థమున్నదని ఇంకొందరు. నాకు మొదటిదే నచ్చుతుంది, కొత్త ధాతువుని పిలవకుండా ఉన్న నియమంతోనే పని అవుతోంది కాబట్టి, కానీ పాత ఇంగ్లీష్ రూపం ముందున్న 'అ' ఎలా వచ్చిందో చెప్పడం అంత తేలిక కాదు, అందుకే నా నోట్‌బుక్‌లో ఆ ప్రశ్నార్థకం అలాగే ఉంచాను, మీరూ ఉంచండి.

ఆర్ ప్రయాణం మాత్రం స్పష్టం. పాత ఇంగ్లీష్‌లో దక్షిణాన సిన్డోన్, ఉత్తరాన అరోన్. 10వ శతాబ్దంలో, లిండిస్‌ఫార్న్ సువార్తలు అనే పాత చేతిరాత పుస్తకంలో లాటిన్ పంక్తుల మధ్య ఉత్తరాది ఇంగ్లీష్‌లో అర్థం రాశారు, అందులో అరోన్ దొరుకుతుంది. వైకింగుల ఎరు కూడా అక్కడ తోడై దాన్ని బలపరిచి ఉండాలి. తర్వాత సిన్డోన్ చచ్చిపోయింది, దక్షిణాన కొన్నాళ్ళు బెన్, బీ రాజ్యమేలాయి, చివరికి ఉత్తరం ఆర్ దిగి వచ్చి గెలిచింది. ఈ పోరు సద్దుమణుగుతున్న టైంలో 1526లో టిండేల్ చేసిన బైబిల్ అనువాదంలో "ద పవర్స్ దట్ బీ ఆర్ ఆర్డెయిన్డ్ ఆఫ్ గాడ్" అని ఒక వాక్యం ఉంది. బీ, ఆర్ రెండూ వర్తమాన బహువచనమే, పక్కపక్కనే.

స్టెప్ 9: దొంగ చుట్టాల్ని ఏరెయ్యండి

బికమ్‌లో 'బి' కనపడగానే బీ క్రియ అనుకోకండి, అది బిఫోర్, బిగిన్‌లో ఉన్న ఉపసర్గ, వెనక ఉన్నది కమ్. జర్మన్‌లో వార్ అంటే ఉండేది, ఇంకో వార్ అంటే నిజం, పలకడం ఒకటే, స్పెల్లింగ్ వేరు, రెండోది లాటిన్ వేరుస్‌కి చుట్టం. సంస్కృతంలోనే వస్ రెండున్నాయి, వసతిది ఒకటి, వస్త్రానిది ఇంకోటి, రెండోదానికి ఇంగ్లీష్‌లో చుట్టం వేర్, బట్టలు వేసుకోవడం (గోతిక్ వస్యన్, మళ్ళీ అదే స–ర).

ఇంకోటి గట్టిగా చెప్పాలి. అస్తిత్వం, భవనం, నివాసం మనకి తాళంచెవులని చెప్పాను, అవి సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటలు. మన సొంత ఉండు, అవు జర్మానిక్ వంశంలోవి కావు. బాప్ అనే పండితుడు సంస్కృతం, గ్రీకు, లాటిన్, పర్షియన్, జర్మానిక్ క్రియారూపాల్ని పక్కపక్కన పెట్టి పుస్తకం అచ్చేసింది 1816లో, సరిగ్గా అదే ఏడాది మద్రాసులో ఎల్లిస్ దొర, క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి ముందు రాసిన నోట్‌లో తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టినవి కావని ధాతువుల పట్టికలతో చూపించాడు. ఉండుకీ విసన్‌కీ అర్థంలో పోలిక ఉంది, రక్తసంబంధం లేదు. ఈ గీత చెరిపేసే వీడియోలు బోలెడు తిరుగుతున్నాయి, వాటిని చూసేటప్పుడు స్టెప్ 5 గుర్తుతెచ్చుకుని "ఏ శబ్దం ఏ శబ్దంగా మారింది, ఇంకెన్ని మాటల్లో అలా మారింది?" అని అడగండి.

స్టెప్ 10: ఇప్పుడు వేరే క్రియ మీద చెయ్యి తిప్పండి

జర్మన్ వేర్డెన్ తీసుకోండి, అవడం అని అర్థం, భవిష్యత్తుకీ పాసివ్‌కీ అదే సహాయక్రియ. డచ్‌లో వోర్డెన్, పాత ఇంగ్లీష్‌లో వెఒర్థన్, గోతిక్‌లో వైర్థన్ అని రాస్తారు, పలకడం వెర్థన్. సంస్కృతంలో వర్తతే, అంటే తిరగడం, నడవడం, తెలుగులో వర్తమానం, పరివర్తన, వర్తించడం. గ్రిమ్ నియమం: త నుంచి థ, సరిపోయింది. ఇప్పుడు పాత ఇంగ్లీష్ భూతకాలం చూడండి, ఏకవచనం వెఆర్థ్, బహువచనం వుర్డోన్. ఒకచోట థ, ఇంకోచోట డ. ఎందుకో స్టెప్ 6 చదివాక మీకే తెలియాలి. ఇంగ్లీష్‌లో ఈ క్రియ మధ్యయుగాల తర్వాత మెల్లగా పోయింది, స్వీడిష్, డేనిష్‌లో దాని చోటు బ్లీ, బ్లీవె ఆక్రమించాయి, అవి వ్యాపారులతో పాటు లో జర్మన్ (ఉత్తర జర్మనీ వైపు మాట్లాడే భాష) నుంచి వచ్చినవి, అక్కడ వాటి అర్థం 'ఆగిపోవడం, మిగలడం'. మిగలడం ఎలా అవడం అయిందో ముందు మీ నోట్‌బుక్‌లో రాసి, ఆ తర్వాతే విక్షనరీ తెరవండి.